గాలాపగోస్‌లో మొదటి రోజు: దీవి మీద దిగే ముందు

శ్రీకాకుళం నుంచి పసిఫిక్ సముద్రంలోని ఈ ఈక్వెడార్ దీవులకు అంత దూరం వెళ్తున్నవాళ్లు ఇవి చూసుకోండి.

- వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు.

- బూట్ల అడుగున మట్టి, గింజలు దులపండి. బయటి మొక్క మొలిస్తే అక్కడి మొక్కలకు ముప్పు.

- పలాస జీడిపప్పు ఓడలోనే ఉంచండి. దీవి మీదకు తినుబండారాలు తేకూడదు.

- అన్నిటికంటే ముఖ్యం దూరం. తేలినీలాపురంలో కొంగలు చెట్ల మీద ఉంటాయి. గాలాపగోస్‌లో నీలికాళ్ల బూబీ అనే సముద్రపక్షి దారిలోనే కూర్చుంటుంది, సముద్ర సింహం పక్కకే వస్తుంది. వాటికి మనిషంటే భయం లేదు. వెనక్కి తగ్గాల్సింది మనమే, కనీసం 2 మీటర్లు. ఫ్లాష్ వద్దు. పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి, ముట్టుకోకుండా వాళ్ల చేతులు ఊరుకోవు.

- కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లలో దిగాలి. ఫోన్‌కు వాటర్‌ప్రూఫ్ కవరు, తలకు టోపీ.