మీ పుల్ రిక్వెస్ట్ నెలల తరబడి పలకకుండా పడి ఉంటోందా?

కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి, నా మార్పు కలుపుకోండి అని పుల్ రిక్వెస్టుగా కోడ్ పంపితే అవునూ అనరు, కాదూ అనరు. మా భీమవరం వైపు ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది ఇక్కడే విసిగి మానేస్తున్నారు. కోడ్ రాయకముందే పది నిమిషాలు పెట్టి ఇది చూడండి.

ఇలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో ఆ ప్రాజెక్టు పుల్ రిక్వెస్టుల్లోకి వెళ్లి, మెర్జ్ అయినవి, అంటే ప్రాజెక్టులో కలుపుకున్నవి మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టి, తాజా 20 తెరవండి. రాసినవాళ్ల పేరు పక్కన మెంబర్ అనో కొలాబొరేటర్ అనో ఉంటే వాళ్లు లోపలివాళ్లు, కంట్రిబ్యూటర్ అని ఉంటే చాలావరకు బయటివాళ్లే. 20లో బయటివాళ్లవి రెండు మూడు కూడా లేకపోతే వేరే ప్రాజెక్టు వెతుక్కోవడం మేలు, అక్కడ ఎంత మంచి కోడ్ పంపినా కాలువలు కట్టేశాక నారుమడి పోసినట్టే. ఉంటే మాత్రం వాటిలో ఒకటి పూర్తిగా చదవండి, ఎన్ని లైన్లు మార్చారు, టెస్టులు అడిగారా, ఎవరు చూశారు అన్నీ అందులోనే దొరుకుతాయి, ఆ కొలతకే మీదీ రాయండి. ఒక రిక్వెస్టులో ఒకే మార్పు. పనిలో పనిగా ఫార్మాటింగ్ సరిచేయడం వద్దు, రివ్యూ చేసేవాళ్లకి అది మహా చిరాకు. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పే సైన్డ్ ఆఫ్ లైన్ అడిగే ప్రాజెక్టయితే, గిట్‌లో మార్పును నమోదు చేసే కమిట్ కమాండ్‌కి చివర హైఫన్ చిన్న ఎస్ (-s) తగిలిస్తే అదే వచ్చేస్తుంది.

లినక్స్ కెర్నెల్ లాంటివాటికి ఈ లెక్క పనిచేయదు, అక్కడ గిట్‌హబ్‌లో ఉన్నది నకలు మాత్రమే, ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఈమెయిల్‌లో పంపాలి.