పేజీ ఉంది, పని జరగట్లేదు: వెబ్‌సైట్ రాతలో లోపం పట్టుకోవడం, సరిచేయడం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో చిన్న దుకాణానికీ, బడికీ, ఆసుపత్రికీ ఇప్పుడు వెబ్‌సైట్ ఉంటోంది. పేజీ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఫోన్ మాత్రం మోగదు. యజమాని రంగులు మార్పిస్తాడు, ఫోటోలు మార్పిస్తాడు, అయినా ఫలితం ఉండదు. ఎక్కువసార్లు లోపం రాతలోనే ఉంటుంది. చదివేవాడు ఏం తెలుసుకోవడానికి వస్తాడో తేల్చుకోకుండా రాయడం దాని మూలం.

ముందు లోపం ఏ మెట్టులో ఉందో తేల్చుకోవాలి. వెతుకులాటలో మీ పేజీ ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో చూపే సెర్చ్ కన్సోల్‌ను గూగుల్ ఉచితంగా ఇస్తుంది. అందులో పనితీరు నివేదిక తెరిచి మూడు నెలల లెక్క చూడండి. మీ పేజీ వెతుకులాటలో అసలు కనిపించకపోతే జనం వాడే మాట మీ పేజీలో లేదన్నా అనుకోవాలి, గూగుల్ ఆ పేజీని చదవలేకపోతోందన్నా అనుకోవాలి. వందలసార్లు కనిపించినా నొక్కేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతే ఉంటే శీర్షికను అనుమానించండి. నొక్కి లోపలికి వచ్చాక కూడా ఫోన్ చేయకపోతే పేజీ లోపలి రాతను చూడాలి.

లక్షణం: తెరిచినవాళ్ళు కిందికి జరపకుండానే వెళ్ళిపోతున్నారు

వరంగల్‌లో నేతగాళ్ళుండే కొత్తవాడలో జంపఖానాలు అమ్మే దుకాణం ఉందనుకోండి. దాని మొదటి పేజీ సాధారణంగా ఇలా మొదలవుతుంది: "మా వెబ్‌సైట్‌కు స్వాగతం. మూడు తరాలుగా నాణ్యతకు మారుపేరుగా, వినియోగదారుల నమ్మకమే పెట్టుబడిగా..." ఫోన్ తెరమీద పై పట్టీ, ఫోటో పోగా మిగిలే చోటు నాలుగైదు వాక్యాలకే సరిపోతుంది. ఆ చోటంతా స్వాగతానికే పోయింది. ఇందులో దుకాణం పేరు తీసేసి బంగారం కొట్టు పేరు పెట్టినా వాక్యం చెల్లుతుంది. ఏ వ్యాపారానికైనా అతికే వాక్యం మీ పేజీలో ఉండాల్సిన పనిలేదు.

వెబ్ పేజీని జనం పుస్తకంలా చదవరు. వెబ్ వాడకాన్ని పరిశీలించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన పరిశీలనలో 79 శాతం మంది పేజీని పైపైన కళ్ళతో జల్లెడ పట్టారు, పదం పదం చదివినవాళ్ళు 16 శాతమే. అప్పటికి చేతిలో స్మార్ట్‌ఫోన్ కూడా లేదు.

సవరణ: రాయడానికి ముందు ఒక కాగితం మీద కొనేవాడి ప్రశ్నను అతని నోటి మాటలోనే రాసుకోండి. "పెళ్ళికి హాల్లో పరవడానికి పెద్ద జంపఖానా కావాలి, ఎంత సైజుదాకా ఉంది, ఎన్ని రోజుల్లో ఇస్తారు?" పేజీలో మొదటి రెండు వాక్యాలు దానికి జవాబు కావాలి: "కొత్తవాడ మగ్గాల మీద నేసిన నూలు జంపఖానాలు అమ్ముతాం. 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు నుంచి 9 బై 12 అడుగుల దాకా సిద్ధంగా ఉంటాయి, అంతకంటే పెద్దది కావాలంటే 20 రోజుల ముందు చెప్పాలి." ఆ వెంటనే సైజు, రేటు పట్టిక. ఆ తర్వాత నొక్కగానే కలిసేలా ఫోన్ నంబరు, దాని కింద చిరునామా. తాతల నాటి చరిత్ర అన్నిటికంటే కింద.

వరంగల్ డర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దాన్ని తప్పకుండా రాయండి, కానీ పట్టిక తర్వాత, కొనేవాడికి అర్థమయ్యేలా రాయండి: ఇక్కడి నేత కానిదాన్ని ఆ పేరుతో అమ్మకూడదన్నదే ఆ గుర్తింపు సారం. "ప్రతిష్ఠాత్మక గుర్తింపు పొందిన" అని వదిలేస్తే అది ఉత్త పొగడ్తగా మిగిలిపోతుంది.

లక్షణం: వెతుకులాటలో కనిపిస్తోంది, ఎవరూ నొక్కట్లేదు

తెలుగు వాక్య నిర్మాణమే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. మనం విశేషణాలన్నీ ముందు పేర్చి అసలు పేరును చివర పెడతాం. "కాకతీయుల శిల్పకళా వైభవానికి నిలువెత్తు నిదర్శనమైన, యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడికి ఎలా వెళ్ళాలి" అన్న శీర్షికను చూడండి. గూగుల్ ఫలితాల్లో శీర్షికకు దొరికే చోటు తక్కువ. తెలుగు అక్షరాలు వెడల్పైనవి కాబట్టి "రామప్ప" అన్న మాట రాకముందే శీర్షిక తెగి మూడు చుక్కలు పడవచ్చు.

సవరణ: పేరును మొదటికి లాగండి. "రామప్ప గుడికి దారి: హనుమకొండ నుంచి బస్సులు, సమయాలు". మొదటి మూడు మాటల్లోనే విషయం తెలియాలి. మొత్తం ఆరేడు మాటలు దాటకపోతే మంచిది. శీర్షిక కింద వచ్చే రెండు వరసల వివరణను కూడా మీరే రాయండి, ఖాళీగా వదిలేస్తే గూగుల్ పేజీలోంచి ఏదో ఒక ముక్క తీసి పెడుతుంది. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు కనిపించేవి కూడా శీర్షిక, ఆ వివరణ, ఒక బొమ్మే.

పేజీ లోపలి ఉపశీర్షికలకూ ఇదే పద్ధతి. "మా సేవలు", "ప్రత్యేకతలు" చదివినవాడికి ఏమీ తెలియదు. "ఇంటికి పంపే ఖర్చు" అంటే తెలుస్తుంది. "ఇక్కడ నొక్కండి" అన్న లింకుకు బదులు "రేట్ల పట్టిక చూడండి" అని రాయండి.

లక్షణం: గూగుల్‌లో అసలు దొరకట్లేదు

కారణం ఒకటి: మీ మాట వేరు, జనం మాట వేరు. ఇక్కడి రైతు మక్కలు, వడ్లు, పల్లికాయ అంటాడు. పేజీలో ఉండేవి మొక్కజొన్న, ధాన్యం, వేరుశనగ. వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో మక్కల రేటు వెతికేవాడికి మొక్కజొన్న ధరల పేజీ దొరకకపోవచ్చు. జంపఖానాల దుకాణం పేజీ నిండా డర్రీలు, తివాచీలు అని మాత్రమే ఉంటే అదే ఇబ్బంది. పైగా తివాచీ వేరు, జంపఖానా వేరు. తివాచీకి పైన దట్టంగా పోగులు లేచి ఉంటాయి, జంపఖానా రెండు వైపులా చదునుగా ఉంటుంది. జనం మాటను శీర్షికలో, మొదటి పేరాలో పెట్టి, రెండో మాటను కింద ఒక్కసారి వాడండి. ఊరి పేరుకూ ఇంతే. జిల్లా పేరు అధికారికంగా హనుమకొండ, చాలామంది టైపు చేసేది హన్మకొండ. చిరునామాలో మొదటిది రాసి, పేజీలో ఒకచోట రెండోదీ రానివ్వండి. అంతేగానీ ఒకే మాటను ఇరవైసార్లు కుక్కవద్దు. చదివేవాడు విసుక్కుంటాడు, గూగుల్ కూడా దాన్ని మోసంగానే లెక్కగడుతుంది.

కారణం రెండు: రాతంతా బొమ్మలో ఉంది. వాట్సాప్‌కు చేయించిన కరపత్రాన్నే పేజీలో అతికిస్తారు. అందులోని రేట్లు, తేదీలు వెతుకులాటకు సరిగా అందవు. చూపులేనివారి ఫోన్ వాటిని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు. ఫోన్ నంబరును నొక్కితే ఏమీ జరగదు. బొమ్మ ఉంచుకోండి, అందులోని ప్రతి వివరాన్నీ కింద అక్షరాల్లో మళ్ళీ టైపు చేయండి.

కారణం మూడు: పాత ఫాంటు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రం పైకి తెలుగే, అడుగున కంప్యూటర్ దాచుకునేది వేరే సంకేతాలు. దాన్ని కాపీ చేసి పేజీలో పెడితే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. పరీక్ష తేలిక: పేజీలోంచి ఒక మాట కాపీ చేసి గూగుల్ పెట్టెలో అతికించండి. తెలుగుగానే వస్తే అది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు. లేకపోతే కన్వర్టర్‌తో మార్చి, వత్తులున్న మాటలన్నీ కంటితో సరిచూడండి, మార్పిడిలో ముందు చెడేవి అవే. ఇకముందు డీటీపీ వాళ్ళను యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.

వెబ్ చిరునామాను తెలుగులో పెట్టడం ఇంకో చిక్కు. ఒక్కో తెలుగు గుర్తు కంప్యూటర్‌లో 3 బైట్లు. లింకును కాపీ చేసినప్పుడు అది శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. "మిర్చి" అన్న మాటలో ఒత్తులు, గుణింతాలు కలిపి 6 గుర్తులు, అంటే 54 అక్షరాలు. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ చిరునామాలో పేజీ పేరు వచ్చే భాగానికి 200 అక్షరాలే కేటాయిస్తుంది కాబట్టి పొడుగు తెలుగు శీర్షిక మధ్యలోనే తెగుతుంది. చిరునామా మటుకు ఇంగ్లిషు అక్షరాల్లో, మూడు నాలుగు మాటల్లో పెట్టండి. ఒకసారి పెట్టాక మార్చవద్దు. మార్చక తప్పకపోతే పాతదాన్నుంచి కొత్తదానికి శాశ్వత దారి మళ్ళింపు (రీడైరెక్ట్) పెట్టించండి.

లక్షణం: చదివి కూడా ఫోన్ చేసి అదే అడుగుతున్నారు

పేజీలో అంకెలు ఉండాల్సిన చోట విశేషణాలుంటే ఇలా అవుతుంది. "సరసమైన ధర", "అతి తక్కువ సమయంలో", "విశాలమైన స్థలం". ఒక వారంపాటు వచ్చిన ప్రతి ఫోన్ కాల్‌లో అడిగిన ప్రశ్నను నోటు పుస్తకంలో రాయండి. మూడుసార్లు వచ్చిన ప్రతి ప్రశ్నకూ పేజీలో జవాబు ఉండాలి, అదీ పై సగంలో.

కొలతలు ఇక్కడివే వాడండి. కోస్తా వైపు సైట్ చూసి రాసిన స్థలాల పేజీల్లో "5 సెంట్లు" అని కనిపిస్తుంది. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఆ 5 సెంట్లు 2 గుంటలు, అంటే 242 గజాలు. ఆ లెక్క చదివేవాడితో చేయించకండి.

లక్షణం: "ఏం రాశారో అర్థం కాలేదు" అంటున్నారు

ఇంగ్లిషు నోటీసును తెలుగులోకి దించినప్పుడు వచ్చే జబ్బు ఇది. "దరఖాస్తులు స్వీకరించబడును" అంటే ఎవరు, ఎప్పటిదాకా? "దరఖాస్తులు జూన్ 20 సాయంత్రం 5 దాకా ఆఫీసులో తీసుకుంటాం" అనండి. బడును, బడినది, చేయుట గావించుట కనిపించిన ప్రతిచోటా చేసేవాణ్ణి వాక్యంలోకి తెచ్చి క్రియ మార్చండి. 15 మాటలు దాటిన వాక్యాన్ని రెండు చేయండి. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి, వాక్యం సాగేకొద్దీ చదివేవాడు అంతా మోసుకుంటూ పోవాలి.

లక్షణం: వత్తులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, చదవబుద్ధి కావట్లేదు

పేజీ రూపాన్ని నిర్ణయించే థీమ్‌ను ఇంగ్లిషు కొలతలతో తయారుచేస్తారు. వరసల ఎడం అక్షరం సైజుకు 1.2 రెట్లే ఉంటే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. 1.6 నుంచి 1.8 చేయండి, అక్షరం సైజు 17 లేదా 18 పిక్సెళ్ళు. రెండు అంచులూ సమంగా లాగే అమరిక తీసేయండి. మన మాటలు పొడుగు కాబట్టి ఫోన్‌లో మధ్యన గుంతలు పడతాయి, ఎడమ అంచుకే సరిచేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు సున్నా ఉండాలి. మందాక్షరాలు మసకబారితే ఫాంటులో అసలు మందపు రూపం లేదన్నమాట. మండలి ఫాంటుకు ఒకే మందం ఉంది, నోటో సాన్స్ తెలుగుకు సన్నం నుంచి మందం దాకా అన్నీ ఉన్నాయి.

లక్షణం: పేజీ తప్పు దారి పట్టిస్తోంది

రాసిననాడు నిజమైనది ఇవాళ కాకపోవచ్చు. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2016 దాకా వరంగల్ జిల్లా, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. పాత పేర్లున్న పేజీలు ఇంకా తిరుగుతున్నాయి. "ఈ ఏడాది మేడారం జాతర" అని రాస్తే రెండేళ్ళకోసారి వచ్చే జాతరకు ఆ మాట మరుసటి ఏడే అబద్ధమవుతుంది. "2026 జనవరి జాతర" అని సంవత్సరంతో రాయండి. పేజీ పైభాగంలో చివరిసారి సరిచూసిన తేదీ వేయండి. తేదీ, రేటు, ఫోన్ నంబరు, ఊరి పేరు ఉన్న పేజీల జాబితా ఒకటి పెట్టుకుని మూడు నెలలకోసారి చూడండి.

సరిచేశాక మీ వ్యాపారం గురించి తెలియని ఒకరి చేతికి ఫోన్ ఇవ్వండి. "పెద్ద జంపఖానా ఎన్ని రోజుల్లో ఇస్తారో చూసి చెప్పు" అని ఒక్క పనే చెప్పి, సాయం చేయకుండా పక్కన నిలబడండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి జరిగిందో రాసుకుని ఆ చోటును మళ్ళీ రాయండి.