ఇంజిన్ ఆయిల్ కారుతోందా? సీల్ మార్చే ముందు ఇవి చూడండి

పొద్దున బండి తీశాక నేల మీద నల్లటి చుక్కలు కనిపిస్తే టెన్షన్ పడి వెంటనే సీల్ (ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ ముందు, వెనక చివర్లలో ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) కొనకండి. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి, చుక్క ఎక్కడ పడుతోందో చూడండి.

చుక్క ఎక్కడ?
బెల్టు వైపు పడుతూ, క్రాంక్ పుల్లీ చుట్టూ ఆయిల్ చిమ్మినట్టు ఉంటే ముందు వైపు సీల్ మీద అనుమానం. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట పడుతూ క్లచ్ కూడా జారుతుంటే వెనక సీల్. అయితే ఆయిల్ ఎక్కడ పుట్టినా కిందికే జారుతుంది. చాలాసార్లు అసలు దొంగ పైనున్న టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్! ఇంజిన్ శుభ్రంగా తుడిచి, కాసేపు నడిపి, ఆపాక టార్చి వేసి పైనుంచి కిందికి వెతకండి.

ఎందుకు కారుతుంది?
ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడటం మామూలే. కొత్త సీల్ కూడా త్వరలోనే కారితే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే గాలికి దారిచ్చే చిన్న కవాటం) చూడాలి. అది మూసుకుపోతే లోపలి గాలికి దారిలేక ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను సీల్ అంచు దగ్గర్నుంచి బయటికి నెడుతుంది. ఇది చూడకుండా ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగ.

ముందు వైపు సీల్ మార్చడం
బెల్టు, పుల్లీ విప్పాలి. టైమింగ్ బెల్టు (క్రాంక్‌కి జతగా వాల్వులను నడిపే బెల్టు) ఉన్న ఇంజిన్లలో సాధారణంగా అదీ తీయాల్సి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ గుర్తులు తప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అలవాటు లేకపోతే ఇక్కడే ఆగి మెకానిక్‌కి అప్పగించండి.

పాత సీల్ ఎంత లోతులో కూర్చుందో ముందే చూసుకోండి. పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్ట్‌కి తగలకూడదు. గీత పడితే కొత్తదీ కారుతుంది. షాఫ్ట్ మీద గోరుతో రాసి చూడండి. గాడి తగిలితే, చోటుంటే సీల్‌ను ఒకట్రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ కూర్చోబెట్టాలి, లేదా రిపేరు స్లీవ్ (గాడిని కప్పే పలుచటి తొడుగు) వేయాలి.

స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, అంటే ఆయిల్ వైపుకి రావాలి. రబ్బరు అంచుకి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాయండి. టెఫ్లాన్ సీల్ అయితే రాయకూడదు, పొడిగానే వేయాలి. సీల్ బయటి అంచుకి సరిపడే పైపుముక్క ఆనించి అన్ని వైపులా సమంగా తట్టండి. ఒక పక్కే కొడితే వంకరపోతుంది. పుల్లీ బోల్టును కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి.

వెనక సీల్‌కి గేర్‌బాక్స్ దింపక తప్పదు. ఖర్చంతా ఆ కూలీదే, సీల్‌ది కాదు. ఎలాగూ దింపారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే చూపించుకోండి.