ఆరు నెలల బిడ్డ తన చేత్తో తినడం: ఎలా మొదలుపెట్టాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో అన్నప్రాశన అయిన తరువాత బిడ్డను కాళ్లపై పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసే అలవాటు ఇంకా కనిపిస్తుంది. మెత్తని ముక్కను బిడ్డ గుప్పిట్లో పెట్టి తననే తిననివ్వడం అమ్మమ్మలకు సాహసంగా తోచవచ్చు గాని, బిడ్డ నిటారుగా కూర్చుని, ముక్క బాగా ఉడికి, పెద్దవారొకరు పక్కనే కనిపెట్టుకుని ఉంటే, పడుకున్న బిడ్డ నోట్లో పోయడం కంటే ఇదే క్షేమం.

ముహూర్తం ఎప్పుడు కుదిరినా 6 నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. మెడ నిలిపి, కొద్ది ఆసరాతో కూర్చుని, కంచం కేసి చేయి చాచి, పట్టుకున్నది నోటిదాకా తెచ్చుకునే బిడ్డకే ముక్క ఇవ్వాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ముందు వైద్యుని అడగాలి.

ఈ వయసులో బిడ్డ వేళ్ల కొసలతో ఏరుకోలేదు, గుప్పిటతోనే పట్టుకుంటుంది. కాబట్టి ముక్క మన చూపుడువేలంత పొడవుండాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే సులువుగా చితకాలి. చిలగడదుంప, గుమ్మడి, ఇడ్లీ ముక్క ఇందుకు అనువైనవి. అరటిపండు జారిపోతుంటే వేయించిన చోడి (రాగి) పిండి అద్దవచ్చు. ఒడియా ఇరుగుపొరుగువారి నుంచి నేర్చిన దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండేది) ఉడికే రోజున వేరే వంటే అక్కరలేదు: ఉప్పు, పోపు పడకముందే అందులోని గుమ్మడి, బొప్పాయి ముక్కలను బిడ్డ వంతుగా తీసి పెట్టుకోవచ్చు. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. తేనె నాకించడమూ వద్దు.

అయితే కూరగాయ ముక్కలతోనే సరిపెట్టడం నాకు సమ్మతం కాదు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరో నెలకు తరిగిపోతాయి గనుక ఉడికిన గుడ్డు, ముళ్లు ఏరిన చేప, మెత్తగా నూరిన మాంసం, చిక్కని పప్పు రోజూ ఏదో ఒకటి అందాలి. పప్పు, చోడి అంబలి వంటివి చెంచాకు ఎత్తి ఆ చెంచానే బిడ్డ చేతికివ్వవచ్చు.

వేరుశనగ గుళ్లు, పచ్చి క్యారెట్, కోయని ద్రాక్ష, పేలాలు దరిచేరనీయకూడదు. ముక్క వెనక్కి జారినప్పుడు బిడ్డ ఓకరించి, దగ్గి, ముఖం ఎర్రబడితే కంగారుపడి నోట్లో వేలు పెట్టకూడదు. తనే బయటికి నెట్టేస్తుంది. దగ్గూ ఏడుపూ రాక, శబ్దం ఆగి, పెదవులు నీలిబడితే మాత్రం వెంటనే తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, వీపుపై అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో 5 సార్లు చరచాలి. ముక్క బయటపడకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ నడుమ ఒక అరచేతి అదే భాగంతో 5 సార్లు నొక్కాలి. ఆ ముక్క వచ్చేదాకా ఈ రెండూ మార్చిమార్చి చేస్తూ, మరొకరిచేత 108కి ఫోన్ చేయించాలి. బిడ్డ స్పృహ తప్పితే ఫోనులో చెప్పే సూచనలను పాటించాలి.

తొలి వారాల్లో నోటికంటే నేలకే ఎక్కువ చేరుతుంది. 8 నెలలు దాటేదాకా రోజుకు 2, 3 పూటలు పెట్టి, తల్లిపాలు మునుపటిలాగే కొనసాగించాలి. బిడ్డ ముఖం తిప్పుకుంటే అక్కడితో కంచం తీసేయాలి. కింద పాత చీర పరచుకుంటే తుడిచే పని తగ్గుతుంది.