క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లని పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా: కోల్ట్, రెమింగ్టన్, ఆడమ్స్

పాత రివాల్వర్ల మాట రాగానే మనవాళ్ళు అడిగేది ఒకటే, కోల్ట్ గొప్పదా రెమింగ్టన్ గొప్పదా అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే రాత్రంతా వాదించుకోవచ్చు, ఏమీ తేలదు. నేను చెప్పేది వేరే పద్ధతి. ఈ డిజైన్లు తయారుచేసినవాళ్ళందరికీ ఉన్న తలనొప్పి ఒకటే, మసి. ఎవరు ఆ మసిని ఎక్కడ ఎలా తట్టుకున్నారు, దానికి బదులుగా ఏం వదులుకున్నారు అని చూడండి చాలు, అద్దం వెనకాల ఉన్న రివాల్వర్ని ముట్టుకోకుండానే సగం కథ చదివేయొచ్చు. సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీలో నిలబడినా, ఏదో వేలం కేటలాగ్ ఫోటోలు ముందేసుకుని ఇంట్లో కూర్చున్నా ఇదే పద్ధతి పనికొస్తుంది. (మ్యూజియంకి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.)

ముందు ఇది అసలు ఎలా పనిచేస్తుందో చెప్పేస్తా. ఇందులో ఇప్పటిలాంటి ఇత్తడి తూటా ఉండదు. సిలిండర్లో ఐదో ఆరో గదులు ఉంటాయి, ఒక్కో గదిలోకి ముందువైపు నుంచి బ్లాక్ పౌడర్ పోసి దాని మీద సీసం గుండు పెట్టి బ్యారెల్ కింద ఉండే లివర్‌తో లోపలికి దిగ్గొడతారు. గది వెనక నిపుల్ అని చిన్న గొట్టం ఉంటుంది, దాని మీద రాగి టోపీ పెడతారు, అదే క్యాప్, లోపల పాదరసం ఫల్మినేట్ ఉంటుంది, దీపావళికి పిల్లలు కాల్చే బిళ్ళ తుపాకీలో బిళ్ళ ఎలా టప్‌మంటుందో అలాగే హ్యామర్ పడగానే ఇది పేలి నిప్పు లోపలికి పోతుంది. గుండు గది కన్నా వెంట్రుకంత పెద్దది కాబట్టి దిగ్గొట్టేటప్పుడు అంచు చెక్కుకుపోయి సన్నటి సీసం రింగు బయటపడుతుంది, అది పడిందంటే గది బాగా మూసుకుందన్నమాట, పక్క గదిలో పేలిన మంట ఇందులోకి దూరదు.

ఇక మసి. బ్లాక్ పౌడర్ కాలితే సగానికి పైగా ఘన పదార్థంగానే మిగిలిపోతుంది, అంతా పొగై పోదు. అది సిలిండర్ ముందు మొహానికి, సిలిండర్ తిరిగే ఇరుసుకి పట్టుకుంటుంది, కొన్ని రౌండ్లు కాల్చేసరికి సిలిండర్ బిగుసుకుని తిరగనంటుంది. యుద్ధంలో అది జరిగితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇది మనసులో పెట్టుకుని ఇప్పుడు చూడటం మొదలుపెట్టండి.

మొట్టమొదట సిలిండర్ పైభాగం చూడండి. పిడి, ట్రిగ్గర్, నగిషీ అన్నీ తర్వాత. సిలిండర్ పైన ఖాళీగా ఉందా, లేక ఫ్రేమ్ నుంచి బ్యారెల్ దాకా ఇనప పట్టీ ఉందా? ఖాళీగా ఉంటే కోల్ట్ కుటుంబం. శామ్యూల్ కోల్ట్ అమెరికాలో 1836లో పేటెంట్ తీసుకున్న దగ్గర్నుంచి 1851 నేవీ, 1860 ఆర్మీ దాకా ఇదే పద్ధతి: ఫ్రేమ్ నుంచి లావుపాటి ఇరుసు ముందుకి వస్తుంది, సిలిండర్ దానికి ఎక్కుతుంది, బ్యారెల్ కూడా దానికే ఎక్కుతుంది, పక్కనుంచి ఒక చీల దూర్చి బిగిస్తారు. పట్టీ ఉంటే రెమింగ్టన్ లేదా దాని బాపతు. అమెరికాలో ఫోర్డైస్ బీల్స్ పేటెంట్ మీద రెమింగ్టన్ వాళ్ళు చేసింది ఇది, బ్యారెల్‌ని ఫ్రేమ్‌లోకి మర తిప్పినట్టు తిప్పి బిగించేశారు, ఫ్రేమ్ నాలుగు వైపులా మూసుకుని ఉంటుంది. ఇంగ్లండులో రాబర్ట్ ఆడమ్స్ ఇంకొంచెం ముందుకెళ్ళి 1851 పేటెంట్‌లో ఫ్రేమ్, బ్యారెల్ రెండూ ఒకే ఇనప ముద్దనుంచి సాగగొట్టించాడు.

ఇక్కడే చాలామంది తొందరపడి తీర్పు ఇచ్చేస్తారు, పట్టీ ఉంది కాబట్టి రెమింగ్టన్ గట్టిది, గట్టిది కాబట్టి మంచిది అని. గట్టిది అన్నమాట నిజమే. కోల్ట్‌లో ఆ చీలని మాటిమాటికీ కొట్టి తీస్తుంటే అరిగిపోయి బ్యారెల్ వదులవుతుంది, బ్యారెల్‌కి సిలిండర్‌కి మధ్య సందు మారిపోతుంది. కానీ మసి లెక్కలో చూడండి, తిరగబడుతుంది వ్యవహారం. కోల్ట్ ఇరుసు లావు, దాని మీద గ్రీజు నిలవడానికి గాళ్ళు కోసి ఉంటాయి, మసి పట్టినా తిరుగుతూనే ఉంటుంది. రెమింగ్టన్ పిన్ను సన్నది, నున్నది, సిలిండర్ సందులోంచి వచ్చే మసి నేరుగా దాని మీదే పడుతుంది, అందుకే త్వరగా బిగుసుకుంటుంది. నాకైతే ఈ రెండిట్లో ఏది ఎక్కువ తెలివైనదని అడిగితే కోల్ట్ ఇరుసు అనే అంటాను, పైన పట్టీ లేకపోవడం చూసి దాన్ని పాతకాలపు డిజైన్ అని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే కోల్ట్‌కి ఇంకో జబ్బు ఉంది. పేలిన రాగి టోపీ చిరిగి ముక్కలైపోతుంది, హ్యామర్ వెనక్కి లాగినప్పుడు ఆ ముక్కలు హ్యామర్ ముందున్న ఖాళీలోకి రాలి లోపలి మెషిన్‌లో ఇరుక్కుంటాయి. కోల్ట్ అంటే ఇష్టపడేవాళ్ళు కూడా దీన్ని కాదనరు. రెమింగ్టన్‌లో హ్యామర్ ఒక సన్నటి గాడిలోంచి వస్తుంది కాబట్టి టోపీ ముక్క లోపలికి వెళ్ళడం తక్కువ. సిలిండర్ తీయడం కూడా రెమింగ్టన్‌లోనే సులువు, లివర్ కిందికి దించి పిన్ను ముందుకి లాగితే పక్కనుంచి బయటికి వచ్చేస్తుంది, కోల్ట్‌లో చీల కొట్టి బ్యారెల్ మొత్తం ఊడదీయాలి. గురి సంగతి కూడా ఇక్కడే చూసేయండి: కోల్ట్‌కి వెనక గురి హ్యామర్ మీద కోసిన చిన్న గాటు, అంటే హ్యామర్ లాగితే తప్ప గురే లేదు, రెమింగ్టన్‌కి పైపట్టీలోనే గాడి ఉంటుంది, అది కదలదు. సిలిండర్ వెనక నిపుల్స్ మధ్య చిన్న గాట్లు కనిపిస్తే అది రెమింగ్టన్ న్యూ మోడల్ అనడానికి మంచి గుర్తు, హ్యామర్‌ని ఆ గాట్లో ఆనించి పెట్టుకుంటే టోపీ మీద బరువు పడదు కాబట్టి ఆరు గదులూ నింపుకుని తిరగొచ్చు.

రెండో చూపు హ్యామర్ మీద. వెనక బొటనవేలికి అందే కొమ్ము ఉందా లేదా? కోల్ట్, రెమింగ్టన్ రెండూ సింగిల్ యాక్షన్, ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ లాగాలి, అప్పుడే సిలిండర్ తిరుగుతుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలడం ఒక్కటే జరుగుతుంది. 1851 ఆడమ్స్‌కి కొమ్మే ఉండదు, ట్రిగ్గర్ గట్టిగా లాగితే హ్యామర్ లేవడం, సిలిండర్ తిరగడం, పేలడం అన్నీ ఒకే లాగులో. దగ్గర్లో కొట్లాటకి వేగంగా ఉంటుంది, దూరం గురికి మాత్రం ఆ బరువైన లాగుడుకి చెయ్యి కదిలిపోతుంది. విలియం ట్రాంటర్ దీనికి రెండు ట్రిగ్గర్లు పెట్టాడు, గార్డ్ కింద నుంచి తోకలాగా వేలాడే రెండో ట్రిగ్గర్ కనిపిస్తే అది ట్రాంటర్, కిందది లాగితే హ్యామర్ లేస్తుంది, పైది నొక్కితే పేలుతుంది. రాయల్ ఇంజినీర్స్‌లో లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ బ్యూమాంట్ 1856లో అసలు పరిష్కారం కనిపెట్టాడు, ఆడమ్స్‌కి కొమ్ము పెట్టి రెండు రకాలుగానూ కాల్చేలా చేశాడు. ఈ మొత్తం గుంపులో ఒకే ఒక్క డిజైన్ ఎంచుకోమంటే నేను బ్యూమాంట్-ఆడమ్స్ వైపే వేలు చూపిస్తా, మూసిన ఫ్రేమ్, రెండు రకాల లాగుడు, రెండూ అందులోనే ఉన్నాయి, తర్వాత వచ్చిన డబుల్ యాక్షన్ రివాల్వర్ల దారి అదే.

ఈ సంవత్సరాలు మనకి దూరపువి కావు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్‌లో బ్రిటిష్‌వాళ్ళ కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసిన రోజులకి బ్యూమాంట్ పేటెంట్ వయసు ఏడాదిన్నర కూడా లేదు, బ్రిటిష్ సైన్యం అప్పుడప్పుడే దాన్ని తీసుకుంటోంది. లండన్‌లో కోల్ట్ పెట్టిన ఫ్యాక్టరీ దానికి కొంచెం ముందే 1856లో మూతపడింది. అంటే ఆ కాలంలో ఇండియాలో ఉన్న ఇంగ్లీషు ఆఫీసర్ చేతిలో లండన్ కోల్ట్ నేవీ ఉండొచ్చు, ఆడమ్స్ ఉండొచ్చు, ట్రాంటర్ ఉండొచ్చు, ఈ పోటీ అంతా అమెరికా గొడవే అనుకోకండి. ఎవరి రివాల్వర్ వాళ్ళే కొనుక్కునే పద్ధతి కూడా ఆఫీసర్లలో ఉండేది.

మూడోది గుండు బరువు, ఇది లేబుల్ మీద ఉన్న సైజు చూసి మీరే లెక్కేసుకోవచ్చు. కోల్ట్ నేవీ పాయింట్ 36 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.36 వంతు, గుండు ఇంచుమించు 5 గ్రాములు. కోల్ట్ 1860 ఆర్మీ, రెమింగ్టన్ ఆర్మీ రెండూ పాయింట్ 44, గుండు 9 గ్రాముల దగ్గర. ఇంగ్లీషువాళ్ళు బోర్ లెక్క రాస్తారు, 54 బోర్ అంటే ఒక పౌండు సీసంతో 54 గుండ్లు, 453ని 54తో భాగిస్తే 8.4 గ్రాములు. ఆరు చిన్న గుండ్లు కావాలా ఐదు పెద్ద గుండ్లు కావాలా అన్నదే కోల్ట్ నేవీకి ఆడమ్స్‌కి మధ్య అసలు తగాదా. రివాల్వర్ బరువు కూడా రాసుకోండి: 1847 వాకర్ కోల్ట్ 2 కేజీల పైన, గుర్రం జీనుకి తగిలించుకునేది, 1851 నేవీ 1.2 కేజీ, నడుముకి పెట్టుకునేది. బరువు తెలియకుండా వాకర్‌నీ నేవీనీ పోల్చేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, రెండిటి పనే వేరు.

తేదీల దగ్గర జాగ్రత్త. బ్యారెల్ మీద సెప్టెంబర్ 14, 1858 అని ఉన్నంత మాత్రాన ఆ రెమింగ్టన్ 1858లో చేసింది కాదు, అది పేటెంట్ తేదీ, న్యూ మోడల్ ఆర్మీ 1863 నుంచి తయారైంది. అసలు రెమింగ్టన్ ఈ రంగంలోకి ఆ సమయానికే ఎందుకొచ్చిందంటే కోల్ట్ పేటెంట్ గడువు 1857లో అయిపోయింది. అలాగే వెనక దాకా తొలిచిన సిలిండర్ మీద (ఇత్తడి తూటాని వెనక నుంచి పెట్టాలంటే అలాంటిదే కావాలి) రోలిన్ వైట్ 1855 పేటెంట్ స్మిత్ అండ్ వెసన్ చేతిలో 1869 దాకా ఉండిపోయింది, అందుకే ఇత్తడి తూటాలు వచ్చాక కూడా అమెరికాలో మిగతావాళ్ళు అన్నేళ్ళు టోపీలతోనే నెట్టుకొచ్చారు.

ఫోటో చూపించి అసలుదే అని ఎవరైనా అంటే ఇవి చూడండి. 1950ల చివర్నుంచి ఇటలీలో నకళ్ళు లెక్కలేనన్ని తయారయ్యాయి, బ్యారెల్ మీద బ్లాక్ పౌడర్ మాత్రమే వాడాలి అని ఇంగ్లీషులో రాసి ఉంటే అది నకలే, 1860ల్లో ఆ హెచ్చరిక రాయాల్సిన అవసరమే లేదు, వేరే పౌడర్ ఉంటే కదా. పాయింట్ 44 క్యాలిబర్ 1851 నేవీ అని చెప్తే కూడా నమ్మకండి, అమెరికాలో కోల్ట్ హార్ట్‌ఫోర్డ్ ఫ్యాక్టరీ నేవీలన్నీ పాయింట్ 36. ఇత్తడి ఫ్రేమ్ ఉన్న కోల్ట్ నేవీ అంటే ఇంకా అనుమానించాలి, అప్పట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గ్రిస్వోల్డ్ అండ్ గన్నిసన్ లాంటివాళ్ళు ఇనుము దొరక్క ఇత్తడి ఫ్రేమ్‌లు చేశారు కానీ కోల్ట్ చెయ్యలేదు. సిలిండర్ మీద చెక్కిన ఓడల యుద్ధం బొమ్మ అరిగిపోయి ఉండటం సహజం, బొమ్మ చెక్కుచెదరకుండా ఉండి మిగతా ఇనుమంతా తుప్పు గుంటలతో ఉంటే తేడా ఉన్నట్టే.

చివరిగా జుమ్మేరాత్ బజార్‌లోనో, ఊళ్ళో తాతగారి పాత భోషాణంలోనో నిజంగా ఇలాంటిది చేతికొస్తే దయచేసి దాన్ని పాత సామాను అనుకోకండి. ఆయుధాల చట్టం 1959లో 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఇస్తుంది కానీ అది రిపేర్ చేసినా చెయ్యకపోయినా తుపాకీలా పనిచెయ్యలేని వాటికి మాత్రమే, నిపుల్ మార్చి శుభ్రం చేస్తే పేలే రివాల్వర్ అందులోకి రాదు. వందేళ్ళు దాటింది కాబట్టి 1972 పురావస్తువుల చట్టం కూడా ఉంది, దేశం బయటికి పంపడం కుదరదు. సిలిండర్ తిప్పడం, హ్యామర్ లాగి చూడటం అసలు వద్దు, పాత గదుల్లో మందు, గుండు అలాగే ఉండిపోయి ఉండొచ్చు, బ్లాక్ పౌడర్ పొడిగా ఉంటే ఎన్నేళ్ళైనా అంటుకుంటుంది. బ్యారెల్ గోడవైపు తిప్పి ఉంచి, పిల్లల్ని దూరం పెట్టి, ఫోటోలు తీసుకుని, ముందు దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి చెప్పండి, సిటీలో లైసెన్సుల వ్యవహారం కమిషనర్ ఆఫీసులో చూస్తారు.