ఇంటర్‌ఫేస్‌లో గుయ్‌మని మోత వస్తోందా? ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి వినండి

"అన్నా, ఈ ఇంటర్‌ఫేస్ నా లాప్‌టాప్‌కు సెట్ అయితలేదు, వాపస్ ఇచ్చేస్తా."

హనుమకొండ, కాజీపేట, పరకాల వైపు ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే తమ్ముళ్లు నాకు చేసే ఫోన్ ఇదే. ఇంటర్‌ఫేస్ అంటే మైకు, గిటార్‌లను లాప్‌టాప్‌కు కలిపే ఆడియో పరికరం. బతుకమ్మ పాటల సీజన్‌లో మరీ ఎక్కువ. నేను అడిగేది ఒకటే: చార్జర్ తీసేసి, బ్యాటరీ మీద విన్నావా? వినరు. డ్రైవర్ మార్చి, విండోస్ మళ్లీ ఎక్కించి, కొత్త కేబుల్ కొని, అన్నీ అయ్యాక ఫోన్ చేస్తారు. పది సెకన్ల పని ఇది. దయచేసి ముందు ఇది చేయండి.

లాప్‌టాప్ అసలు గుర్తించడం లేదు

డబ్బాలో వచ్చిన కేబులే వాడండి. ఫోన్ చార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు వైర్లే ఉంటాయి, డేటా వెళ్లదు. హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి. ఇంటర్‌ఫేస్ కనిపిస్తున్నా గొంతు రాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి ఇచ్చారో లేదో చూడండి.

ఇంకా కొనకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. టైప్-సి పోర్టు, థండర్‌బోల్ట్ (ఇంకా వేగమైన కనెక్షన్) పోర్టు చూడటానికి ఒకేలా ఉంటాయి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ రెండింటిలోనూ పనిచేస్తుంది. థండర్‌బోల్ట్ ఇంటర్‌ఫేస్ మాత్రం మామూలు టైప్-సి పోర్టులో పనిచేయదు. ఇంట్లో ఒకటి రెండు మైకులకు యూఎస్‌బీ 2.0 ఇంటర్‌ఫేస్ ధారాళంగా సరిపోతుంది. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న విండోస్ లాప్‌టాప్ అయితే, దానికి తగిన డ్రైవర్ ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

48 వోల్టుల బటన్ నొక్కగానే ఆగిపోతోంది

బయటి కరెంటు కావాల్సిన కండెన్సర్ మైకుకు కరెంటు పంపే బటన్ అది. ఇంటర్‌ఫేస్‌కు పవర్ చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. చిన్న హబ్‌కు మౌస్, హార్డ్ డిస్క్, ఇంటర్‌ఫేస్ మూడూ తగిలిస్తే కండెన్సర్ మైకుకు మిగిలేది ఏమీ ఉండదు. నేరుగా పోర్టుకు పెట్టండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి.

టిక్ టిక్‌మంటూ పాట తెగిపోతోంది

విండోస్‌లో కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం లేకుండా ఆడియో నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, బఫర్‌ను, అంటే లాప్‌టాప్ ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్కను, 256 శాంపిళ్లకు పెంచండి. శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) అన్నిచోట్లా ఒకటే పెట్టండి. పాటకు 44.1, వీడియోకు 48 కిలోహెర్ట్జ్. చాలావరకు ఇంతటితో పోతుంది.

వెనకాల గుయ్‌మని సన్నని మోత

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

చార్జర్ పీకగానే మోత పోయిందంటే ఇంటర్‌ఫేస్‌లో లోపం లేదు, లాప్‌టాప్‌తో పేచీ లేదు. తేడా చార్జర్‌లోనో, మీ ఇంటి కరెంటులోనో ఉంది. ఇంకో గుర్తు చెప్తాను. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ లోహపు అంచు మీద వేళ్ల వెనక వైపుతో మెల్లగా రుద్దండి. సన్నగా జివ్వుమంటే, లేదా గిటార్ తీగలు పట్టుకోగానే మోత తగ్గి వదలగానే పెరిగితే, ముందుగా అనుమానించాల్సింది ఎర్త్‌నే.

పరకాల దగ్గర ఒక ఇంట్లో డిసెంబరులో నేనే ఇంటర్‌ఫేస్ పెట్టి వచ్చాను. గిటార్, గొంతు రెండూ శుభ్రంగా వచ్చాయి. మే నెలలో ఫోన్ వచ్చింది, గిటార్ పెడితే చాలు మోత. వెళ్లాను. డ్రైవర్ మార్చాను, కేబుల్ మార్చాను, నా సొంత ఇంటర్‌ఫేస్ తెచ్చి పెట్టాను. అదే మోత. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, హెడ్‌ఫోన్స్‌లో మోత చటుక్కున ఆగిపోయింది. కరెంటు రాగానే పక్కగదిలో కూలర్ తిరిగింది, మోత మళ్లీ మొదలైంది.

తెల్లారి ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య బల్బు పెట్టి చూపించాడు. ఫేజ్, న్యూట్రల్ మధ్య బాగా వెలిగిన బల్బే ఇక్కడ ఎర్రగా, మిణుకుమిణుకుమంటూ వెలిగింది. పెరట్లో ఎర్త్ గుంత మూత తీస్తే లోపల మట్టి బీటలు వారి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి పైపు దింపిన గుంత అది. తడి ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. మన ఎండలకు అది ఎండిపోయింది. కూలర్, ఫ్రిజ్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటుకు దిగే దారి లేక, ఎర్త్ వైరు పట్టుకుని చార్జర్ గుండా లాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి గిటార్ లైనులోకి వస్తోంది. రెండు బకెట్ల నీళ్లు పోశాం. మర్నాటికి మోత ముప్పావు వంతు తగ్గింది. గుంతలో కొత్తగా ఉప్పు, బొగ్గు నింపాక పూర్తిగా పోయింది.

ఇదంతా చూడకుండా నేను అప్పటికే ఒక రోజంతా పోగొట్టాను.

మీ ఇంట్లో గుంత ఉంటే వేసవిలో వారానికోసారి నీళ్లు పోయండి. కిరాయి ఇల్లయితే సాకెట్‌లో మూడో రంధ్రానికి అసలు వైరు కలిపారో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా పాత ఇళ్లలో అది ఖాళీగానే ఉంటుంది. బల్బు పరీక్ష మీరు చేయకండి. మోత తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయకండి. మోత తగ్గొచ్చు, కానీ రేపు లీకేజీ వస్తే ఆ కరెంటు దిగేది మీ ఒంట్లోంచే.

ఎర్త్ బాగానే ఉండి కూడా మోత వస్తే లాప్‌టాప్, స్పీకర్లు, కీబోర్డు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుల్ (దారిలో చేరే మోతను రద్దుచేసే మూడు తీగల కేబుల్) వాడండి, కాబట్టి కొనేటప్పుడే బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్ ఉన్నది తీసుకోండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే యూఎస్‌బీ ఐసొలేటర్ (లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ కరెంటు దారులను విడదీసే పరికరం) జోలికి పోకండి. అలాంటివి చాలావరకు సెకనుకు 12 మెగాబిట్ల వేగంవే, ఇప్పటి ఇంటర్‌ఫేస్‌లకు ఎక్కువగా 480 కావాలి. పెట్టగానే ఇంటర్‌ఫేస్ కనిపించకుండా పోతుంది.

బ్యాటరీ మీద కూడా మోత వస్తే మైకు కేబుల్ మార్చి, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి వినండి. అప్పటికీ పోకపోతే ఇంటర్‌ఫేస్‌ను స్నేహితుడి లాప్‌టాప్‌కు, వాళ్లింట్లో పెట్టి చూడండి. అక్కడా అదే మోత ఉంటేనే వాపస్ పంపండి.