పాత డీజిల్ కారులో ఛార్జింగ్ వోల్టేజ్ ఎక్కడ పోతోందో పట్టుకోవడం

పొద్దున్నే సెల్ఫ్ అందుకోకపోతే ముందు బ్యాటరీ మార్చేస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే గొడవ వస్తే డైనమో, అంటే ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, మార్చేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ పని చేసే నా దగ్గరికి ఈ రెండూ అయిపోయాక వచ్చే బండ్లే ఎక్కువ. వాటిలో చాలావాటికి పాత సామానే బాగుండి ఉంటుంది. అందుకే ఏదీ కొనకముందే మల్టీమీటర్ పట్టుకోండి.

డీజిల్‌లో ఒక చిక్కుంది. ఇండికా, సుమో, పాత బొలెరో లాంటి మెకానికల్ పంపు బండ్లలో ఇంజన్ ఒకసారి అందుకుంటే స్టాప్ సోలినాయిడ్‌కి (కరెంటు ఉన్నంతసేపు డీజిల్‌ని పోనిచ్చే వాల్వు) కావలసిన కాస్త కరెంటు చాలు. ఛార్జింగ్ పూర్తిగా పోయినా పగటిపూట బండి ఏలూరు దాకా పోతుంది. అక్కడ ఆపి మళ్లీ తాళం తిప్పినప్పుడే సంగతి బయటపడుతుంది.

రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉండాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ముందు దాన్ని బయట ఛార్జింగ్ పెట్టి నింపండి, సగం బ్యాటరీతో తీసే రీడింగులు నమ్మడానికి లేదు. నిండిన తర్వాత సెల్ఫ్ కొడుతుంటే 9.6 కంటే కిందికి పడుతోందా, అప్పుడు బ్యాటరీని అనుమానించండి.

ఇక తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు చూడండి. అది వెలగాలి. చాలా పాత బండ్లలో డైనమోకి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, బల్బు పోతే డైనమో బాగున్నా ఛార్జింగ్ మొదలుకాదు. స్టార్టయ్యాక పూర్తిగా ఆరిపోవాలి. మిణుకుమిణుకుమంటుంటే తప్పు డైనమో లోపలి డయోడ్లదో (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి), కార్బన్ బ్రష్‌లదో (తిరిగే భాగానికి కరెంటు అందించేవి), జారే బెల్టుదో చూసుకోవాలి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే మంచిదే. మే నెల ఎండలో ఇంజన్ బాగా కాగాక 13.6 చూపించినా కంగారు పడొద్దు, వేడికి రెగ్యులేటరే (డైనమో వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది) కాస్త తగ్గిస్తుంది. 15 దాటితే మాత్రం రెగ్యులేటర్ పోయినట్టే, ఆలస్యం చేస్తే బ్యాటరీ నీళ్లు ఆవిరైపోతాయి.

లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, రేస్ కాస్త పెంచి పట్టుకుని చేసే పరీక్షే అసలైనది. మీటర్ ఎర్ర పిన్ను డైనమో వెనక లావు వైరు బోల్టు మీద, నల్ల పిన్ను బ్యాటరీ ప్లస్ సీసం (క్లాంపు బిగించే సీసపు మొన) మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసం మీదే. 0.3 కంటే ఎక్కువ వస్తే ఆ వైరులోనో, దాని ఫ్యూజులోనో, క్లాంపులోనో వోల్టేజ్ పోతోంది. తర్వాత డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్ సీసానికీ మధ్య చూడండి. ఇక్కడ 0.2 దాటకూడదు.

బందరు నుంచి ఒక ఇండికా వచ్చింది. బ్యాటరీ కొత్తది, డైనమో కొత్తది, సెల్ఫ్ మాత్రం ఈడుస్తోంది. డైనమో దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 13.4. ప్లస్ వైపు పోయింది 0.1 మాత్రమే, మిగతా 0.7 ఎర్త్ (మైనస్) వైపు. ఇంజన్‌ని బాడీకి కలిపే అల్లిక పట్టీ పైకి బాగానే కనిపిస్తోంది, బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. ఎమరీ పేపరుతో రెండు వైపులా మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ వేసి బిగించి, పైన గ్రీజు రాశాం. బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది, సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంది. కొత్త సామానుకి పెట్టిన డబ్బంతా ఆ ఒక్క పట్టీ దగ్గర ఆగిపోయింది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఆగకపోతే డైనమో బాగున్నట్టు అని చూసే అలవాటు ఇంకా ఉంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. వైరు తీసిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు.

పగలు ఛార్జింగ్ సరిపోతూ రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద డైనమోని చేత్తో తాకండి. అదొక్కటే గోరువెచ్చగా ఉంటే డయోడ్ షార్టయ్యి కరెంటు లీకవుతోంది.

అన్ని వైర్లూ బాగుండి డైనమోలోనే వోల్టేజ్ రావట్లేదంటే, దాన్ని విప్పే ముందు వెనక వైపు చూడండి. డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ ఇంజన్‌లోలాగా పీల్పు దొరకదు కాబట్టి బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తొక్కడం తేలిక చేసేది) వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. పాత బండ్లలో చాలావాటికి అది డైనమో వెనకే బిగించి, డైనమో ఇరుసుతోనే తిరుగుతుంది, దానికి ఇంజన్ ఆయిల్ అందుతుంది. ఆయిల్ సీలు పాడైతే నూనె లోపలికి దిగి, కార్బన్ పొడితో కలిసి బ్రష్‌ల దగ్గర జిగురులా పట్టేస్తుంది. బ్రష్‌లొక్కటే మారిస్తే కొద్ది రోజుల్లో మళ్లీ అదే పరిస్థితి. సీలు కూడా మార్చమని గట్టిగా అడగండి, పాత సీలు చేతికి తీసుకుని చూడండి.

ఆ డైనమో తిరిగి బిగించాక ఆయిల్ పైపు, వాక్యూమ్ పైపు రెండూ పెట్టారో లేదో మీరే చూసుకోండి. రోడ్డెక్కే ముందు ఇంజన్ ఆపి బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి, అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే వోల్టేజ్ 14.2 ఉన్నా సరే, ఆ బండిని షెడ్డు దాటించొద్దు.